"ఎనిమిది రూపాయలు ఎవరిచ్చారు సార్?" – చిత్తూరు మామిడి ప్రెస్ మీట్ మీద ఒక కేస్ స్టడీ

"దీనిపై మీ స్పందన ఏంటి సార్?" అనే ప్రశ్న కంటే దండగ ప్రశ్న మా రిపోర్టర్ల దగ్గర ఇంకోటి లేదు, రోజూ ఎక్కువగా అడిగేది కూడా అదే. ఈ ప్రశ్నకి లీడర్ ఏమైనా చెప్పొచ్చు, ఎంతసేపైనా చెప్పొచ్చు. ఛానల్‌కి బైట్ (లీడర్ మాట్లాడిన చిన్న వీడియో ముక్క) దొరుకుతుంది, కింద స్క్రోలింగ్ పోతుంది, పేపర్‌కి హెడ్డింగ్ కూడా వస్తుంది, కానీ రేపు పొద్దున ఊళ్ళోకి పోయి నిజమా అబద్ధమా అని చూసుకునే ముక్క అందులో ఒక్కటీ ఉండదు. నేను కొత్తగా వచ్చే స్ట్రింగర్లకి, అంటే జీతం లేకుండా రాసిన వార్తకి ఇంత అని తీసుకునే రిపోర్టర్లకి, ఒకటే చెప్తుంటా, లీడర్ జవాబు చెప్పినాక దాన్ని పట్టుకుని పోయి చెక్ చేసుకునేటట్టు ఉండాల, అట్లాంటి ప్రశ్నే అడగల్ల, మిగతావన్నీ ఆయన ఉపన్యాసానికి మనం మైకు పట్టినట్టే.

చెప్పడం బాగానే ఉంటుంది, జనం మధ్యలో, కెమెరాల ముందర, ఎదురుగా అధికారంలో ఉన్న మనిషి కూర్చుని ఉంటే అది ఎంతవరకు నడుస్తుంది అనేదే అసలు సంగతి. అందుకే 2025 మామిడి సీజన్ చివర్లో చిత్తూరులో జరిగిన ఒక ప్రెస్ మీట్‌ని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నా. లీడర్ పేరు చెప్పను, అధికార పక్షం మనిషి అంతే, ఆ కుర్చీలో వేరే పార్టీ ఆయన కూర్చున్నా ఆ మధ్యాహ్నం ఇట్లాగే నడిచి ఉండేది, ఎందుకు అంటున్నానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

ముందు మామిడి సంగతి. ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటి వాళ్ళ కోసం చెప్తా. చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల్లో పండే తోతాపురి కోసుకు తినే కాయ కాదు, జాస్తి భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోవాల, అంటే రేటు ఎంతనేది ఫ్యాక్టరీ గేటు దగ్గరే తేలుతుంది. ఆ ఏడాది కాపు బాగా వచ్చింది, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు స్టాక్ అమ్ముడుపోక మిగిలింది, రెండూ ఒకేసారి వచ్చి రైతు నెత్తిన పడినాయి. ఫ్యాక్టరీలో కాయ దించే టోకెన్ల కోసం ట్రాక్టర్లు రోడ్ల మీద రాత్రుళ్ళు నిలబడినాయి. జూన్‌లో ప్రభుత్వం ఏం చెప్పిందంటే, ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు ఇవ్వాల, మేం 4 రూపాయలు సబ్సిడీగా రైతు ఖాతాలో వేస్తాం, మొత్తం 12 అని. దానికి 260 కోట్లు అవుతుంది, 6.5 లక్షల టన్నులకి అని లెక్క చెప్పినారు. జూన్ 7న చిత్తూరు కలెక్టర్ పక్క రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని ఆర్డర్ ఇచ్చినారు, దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబుకి లెటర్ రాసినారు. జూలై 9న జగన్ బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకి వచ్చినారు, ఆరోజు రోడ్డు మీద పడిన కాయలు రైతు కడుపు మంటతో పారబోసినవా, ఫోటో కోసం పోసినవా అని రెండు వైపులా వారం రోజులు కొట్టుకున్నారు. జూలై ఆఖర్లో కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద మన రాష్ట్రానికి 1.62 లక్షల టన్నులకి, క్వింటాల్ 1,490.73 రూపాయల రేటుతో ఓకే చెప్పింది. అంతకు ముందే కర్ణాటకకి 2.5 లక్షల టన్నులకి, క్వింటాల్ 1,616 రూపాయలతో ఇచ్చి ఉన్నారు.

ఇన్ని అంకెల మధ్యలో ఆ సీజన్‌లో ప్రతి ప్రెస్ మీట్‌లో వినపడింది ఒకటే మాట, రైతుకి 12 రూపాయలు ఇస్తున్నాం అని. అది వినడానికి ఒక అంకె లాగానే ఉంటుంది గానీ అందులో ఇచ్చేవాళ్ళు ఇద్దరున్నారు. 4 ఇచ్చేది గవర్నమెంట్, అది తర్వాత ఖాతాలో పడుతుంది. 8 ఇవ్వాల్సింది ఫ్యాక్టరీ యజమాని, ఆయన ప్రెస్ మీట్‌కి రాడు, ఆయన్ని అడిగే మైకు యాడా లేదు. ర్యాంపుల (కాయ తూకం వేసి కొనే చోట్ల) దగ్గర రైతుల్ని అడిగితే 8 అనే మాట వింటేనే నవ్వినారు, నాలుగు చెప్పినారు, ఐదు చెప్పినారు అనేవాళ్ళు కొందరు, కాయ దించుకున్నారు రేటు తర్వాత చెప్తామన్నారు అనేవాళ్ళు కొందరు. కాబట్టి ఆ ప్రెస్ మీట్‌లో అడగాల్సింది 12 గురించి కాదు, 8 గురించి.

ముందురోజు సాయంత్రం మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. మూడు వేర్వేరు సంస్థలు, అందులో రెండిటికి రాజకీయంగా అస్సలు పడదు, ఒకరి ఆఫీసులో ఇంకొకరి పేరెత్తితే మొహాలు మాడిపోతాయి. మన రాష్ట్రంలో మీడియా ఎట్లా చీలి ఉందో, ఎల్లో మీడియా బ్లూ మీడియా అని ఒకరినొకరు ఎట్లా పిలుచుకుంటారో అందరికీ తెలిసిందే కదా, ఆ చీలిక వల్ల జిల్లాలో లీడర్లకి జరిగిన పెద్ద మేలు ఏంటంటే, ఒక రిపోర్టర్ ప్రశ్న సగంలో ఆగిపోతే పక్కన కూర్చున్నోడు దాన్ని ఎత్తుకోడు, అది వాళ్ళ పేపర్ ప్రశ్న మనకెందుకు అని తన ప్రశ్న తాను అడుగుతాడు. లీడర్‌కి కావాల్సింది అదే, ఒక్కో ప్రశ్నని ఒక్కసారి తప్పించుకుంటే చాలు, ఎవరూ రెండోసారి రారు. మేం అనుకున్నది చిన్న ఒప్పందం. ముందోడి ప్రశ్నకి జవాబు రాకపోతే, తర్వాత మైకు దొరికినోడు తన ప్రశ్న పక్కన పెట్టి అదే మళ్ళీ అడగల్ల. అంతే. ఎవరు ఏం రాయాల, ఏ హెడ్డింగ్ పెట్టాల అనేది మాట్లాడుకోలేదు, అది మాట్లాడుకుంటే సిండికేట్ అవుతుంది, ఇది వేరు. దీన్ని కూడా తప్పు అనే సీనియర్లు ఉన్నారు, నేను ఒప్పుకోను, లీడర్ పక్కన నలుగురు పీఏలు, ఇద్దరు సోషల్ మీడియా పిల్లోళ్ళు, ఒక ఆఫీసర్ ప్రిపేర్ అయి వస్తే తప్పు లేదు గానీ మనం ఇద్దరు మాట్లాడుకుంటే తప్పా?

గెస్ట్‌హౌస్‌లో 11 గంటలకి అన్నారు, 12 దాటినాక మొదలైంది. టేబుల్ మీద ఛానళ్ళ లోగో మైకులు పేర్చినారు, ముందు వరసలో ఛానళ్ళు, యూట్యూబ్ వాళ్ళు, వెనక పేపర్లు. లీడర్ వచ్చి నమస్కారం పెట్టి మాట్లాడటం మొదలుపెట్టినాడు, మామిడి గురించి కాసేపే, మిగతాదంతా గత ప్రభుత్వం. ఇక్కడ ఒక విషయం చాలామంది బయటివాళ్ళకి తెలీదు. ఛానల్ కెమెరామెన్‌కి కావాల్సింది రెండు నిమిషాల బైట్, అది దొరికినాక ఆయన ఫీడ్ పంపించుకోవాల, ఇంకో చోట ఇంకో ప్రోగ్రాం ఉంటుంది, కాబట్టి ఉపన్యాసం ఎంత సాగితే ప్రశ్నల టైంకి అన్ని కెమెరాలు తగ్గిపోతాయి. ఆరోజు కూడా ప్రశ్నలు మొదలయ్యేసరికి ముందు వరసలో సగం లోగోలు తీసేసినారు. లైవ్‌లో లేని జవాబు, వైరల్ అయ్యే ఛాన్స్ లేని జవాబు లీడర్‌కి చెప్పడం ఈజీ, ఎగ్గొట్టడం ఇంకా ఈజీ. అందుకే ఇప్పుడు నేను ప్రతి ప్రెస్ మీట్‌లో ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి టేబుల్ మీద, లీడర్‌కి కనపడేటట్టు పెడతా, జేబులో కాదు.

మొదటి ప్రశ్న ఎప్పుడూ మన చేతిలో ఉండదు. దగ్గరి రిపోర్టర్ ఒకాయన లేచి, "సార్, రైతులకి ఇంత మేలు చేస్తున్నా ప్రతిపక్షం విమర్శలు చేస్తా ఉంది, దీనిపై మీరేమంటారు?" అని అడిగినాడు. ఆయన అనాల్సినవన్నీ అన్నాడు, మళ్ళీ ఇంకో ఉపన్యాసం. ఈ మొదటి ప్రశ్న ముందే మాట్లాడుకున్నదా అంటే చాలాసార్లు కాదు, ఎవరూ చెప్పక్కర్లేదు, ఏది అడిగితే లీడర్ సంతోషపడతాడో ఆ రిపోర్టర్‌కి అలవాటైపోయింది.

తర్వాత నేను. "సార్, ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన 8 రూపాయలు నిన్నటి వరకు ఎంతమంది రైతులకి అందింది?" అంత చిన్నగానే అడిగినా, ముందు మాట వెనక మాట ఏమీ లేకుండా. ఆయన, "ఎనిమిది కాదు, పన్నెండు ఇస్తున్నాం, కరెక్ట్‌గా రాసుకోండి" అన్నాడు. చూడండి, ఎంత నీట్‌గా పోయినాడో, ప్రశ్నలో ఉన్న అంకెని పెద్ద అంకెతో కప్పేసినాడు, వినేవాళ్ళకి నేనే తక్కువ చెప్పినట్టు, ఆయన సరిదిద్దినట్టు ఉంటుంది. ఇట్లాంటప్పుడు మామూలుగా మైకు పక్కకి పోతుంది, కథ అయిపోతుంది.

ఒప్పందం ప్రకారం మా రెండో ఆయన అందుకున్నాడు, "పన్నెండులో ప్రభుత్వం ఇచ్చేది నాలుగు కదన్నా, మిగతా ఎనిమిది ఎవరికైనా పడిందా అని". లీడర్ ఆయన్ని రెండు క్షణాలు చూసి, "ఏ పేపర్ నీది?" అన్నాడు. వెనక నిలబడిన కార్యకర్తలు నవ్వినారు.

ఈ "ఏ పేపర్ నీది" దగ్గర కాసేపు ఆగాల, ఎందుకంటే జిల్లాల్లో జరిగే ప్రెస్ మీట్లలో సగం ఇక్కడే చచ్చిపోతాయి. అన్ని పార్టీల వాళ్ళూ వాడతారు దీన్ని. ప్రశ్న మీద ఉన్న చూపుని అడిగినోడి మీదకి తిప్పేస్తుంది. అడిగినోడు మా పేపర్ గురించి అనొద్దండి అని మొదలుపెడితే అయిపోయినట్టే, పేపర్ మీద గొడవ, ఓనర్ మీద గొడవ, పోయిన ఏడాది రాసిన వార్త మీద గొడవ, ఆ గొడవ క్లిప్ ఆరోజు సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, ఎనిమిది రూపాయలు ఎవరికీ గుర్తుండదు. కొంతమంది పౌరుషంగా పేరు చెప్పి, "అయితే ఏంటి సార్?" అంటారు, చూడ్డానికి బాగుంటుంది, పని మాత్రం జరగదు.

మా మూడో ఆయన పనిచేసే పేపర్ ఈ లీడర్ పార్టీకి దగ్గరిది అని ఊరందరికీ పేరు. ఆయన లేచి, "సార్, మనది ఫలానా పేపర్, నాక్కూడా అదే డౌటు, ఎనిమిది రూపాయల సంగతి చెప్తే మేం కూడా రాసుకుంటాం" అన్నాడు, గొంతు పెంచకుండా, మర్యాదగా. ఇక "ఏ పేపర్ నీది" పనిచేయదు కదా. లీడర్ నీళ్ళు తాగినాడు, పక్కన ఆఫీసర్ వైపు చూసినాడు, "ఫ్యాక్టరీ వాళ్ళతో కలెక్టర్ గారు మాట్లాడినారు, వాళ్ళు ఇస్తారు, ఇవ్వకపోతే చర్యలు ఉంటాయి" అన్నాడు. అంటే ఇంకా అందరికీ ఇయ్యలేదని ఆయన నోటితోనే వచ్చినట్టు. ఆరోజుకి మాకు దొరికిన వార్త అదే, ముగ్గురు మూడు సార్లు ఒకే ప్రశ్న అడిగితే దొరికిన ఒక్క వాక్యం.

దాని వెంటనే నేను, "చర్యలు ఎవరు తీసుకుంటారు సార్, ఏ చట్టం కింద?" అన్నా. "ప్రభుత్వం తీసుకుంటుంది" అన్నాడు. ఏ చట్టం అనేది గాల్లోనే ఉండిపోయింది, మూడో ఆయన మళ్ళీ లేవలేదు, ఆయన్ని తప్పు పట్టలేం, ఒకసారికే ఆయన చాలా ఖర్చు పెట్టినాడు.

లెక్కల ప్రశ్న ఇంకోటి అడిగినాం. రాష్ట్రం చెప్పింది 6.5 లక్షల టన్నులు, కేంద్రం ఓకే చేసింది 1.62 లక్షల టన్నులు, అంటే నాలుగో వంతు. మిగతా దానికి డబ్బు రాష్ట్రమే పెట్టుకుంటుందా, కేంద్రం చెప్పిన క్వింటాల్ 1,490 అంటే కిలోకి దాదాపు 15, మీరు చెప్పేది 12, మధ్యలో తేడా రైతుకి వస్తుందా రాదా? ఆయన నవ్వి "లెక్కల మాస్టర్‌వా ఏంది?" అన్నాడు, అందరూ నవ్వినారు, నేను కూడా నవ్వినా, నవ్వు అయిపోయినాక అదే ప్రశ్న మళ్ళీ అడిగినా. కేంద్రం పథకం వేరు, మా సబ్సిడీ వేరు, రెండూ కలపొద్దు అన్నాడు. ఇది మంచి జవాబు. నాకు నచ్చిందని కాదు, దీన్ని పట్టుకుని వ్యవసాయ మార్కెటింగ్ ఆఫీసుకి పోయి కాగితం అడగొచ్చు, తేలుతుంది. నవ్వించినప్పుడు నవ్వాల, ముక్కు మీద కోపం పెట్టుకుని కూర్చుంటే మనమే విలన్ అయిపోతాం, కానీ నవ్వి కూర్చోకూడదు.

ఆ తర్వాత ఒక కుర్ర స్ట్రింగర్ లేచినాడు, పాపం బాగా చదువుకుని వచ్చినాడు, ర్యాంపుల్లో అమ్మిన రైతుకి సబ్సిడీ వస్తుందా, కౌలు రైతుల పేర్లు లిస్టులో ఎట్లా ఎక్కుతాయి, పక్క రాష్ట్రం కాయ ఆపినాక కర్ణాటకతో మాట్లాడినారా, వచ్చే ఏడాదికి ప్లాన్ ఏంటి అని నాలుగూ ఒకే ఊపిరిలో అడిగేసినాడు. నాలుగూ మంచి ప్రశ్నలే, కౌలు రైతు ప్రశ్న అయితే ఆరోజు అందరికంటే మంచి ప్రశ్న. కానీ అట్లా అడిగితే లీడర్ ముందర బఫే పెట్టినట్టే, ఇష్టమైంది వడ్డించుకుంటాడు. ఆయన వచ్చే ఏడాది ప్లాన్ తీసుకున్నాడు, కొత్త ఫ్యాక్టరీలు, ఎగుమతులు, వేరే రకాలు వేయించడం అని పది నిమిషాలు చెప్పి, "సరే, భోజనాలు రెడీగా ఉన్నాయి, అందరూ భోంచేసి పోండి" అని లేచినాడు. మన వైపు ప్రెస్ మీట్‌కి ముగింపు వాక్యం అదే.

ఇక మరుసటి రోజు ఏం వచ్చిందో చెప్తా. ఛానళ్ళలో రైతుకి 12 రూపాయలు అనే స్క్రోలింగ్, ప్రతిపక్షం మీద విమర్శల బైట్. మా రెండో ఆయన పేపర్‌లో ఎనిమిది రూపాయలే హెడ్డింగ్, కానీ దాంతోపాటు లీడర్ మీద నాలుగు విశేషణాలు కూడా కలిపినారు ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ వాళ్ళు, అవి లేకపోతే వార్త ఇంకా గట్టిగా ఉండేది. మూడో ఆయన పేపర్‌లో చివరి పేరాలో ఒక్క లైను, ఫ్యాక్టరీలు బకాయి చెల్లించకపోతే చర్యలు అని, అదైనా వచ్చింది. నా కాపీలో పైన ఉన్న వాక్యం అచ్చయ్యేసరికి మధ్యలోకి జారింది. ప్రెస్ మీట్‌లో ఎంత బాగా అడిగినా సాయంత్రం డెస్క్‌లో కూర్చున్నాయనకి ప్రతిపక్షం మీద ధ్వజం అనే హెడ్డింగే ఈజీగా దొరుకుతుంది, ఈ విషయంలో గల్లీ రిపోర్టర్ల కంటే డెస్కులకి ట్రైనింగ్ కావాల అని నా అభిప్రాయం.

మేం ర్యాంపుల వైపు పోయి తూకం చీటీలు చూసినాం. చీటీలో బరువు ఉంటుంది, తేదీ ఉంటుంది, రేటు ఉండాల్సిన చోట కొన్నిట్లో ఏమీ లేదు. రేటు రాయని చీటీతో రైతు ఎనిమిది రాలేదని రేపు ఎట్లా నిరూపిస్తాడు? ఈ ప్రశ్న మాకు ప్రెస్ మీట్‌కి ముందే తట్టి ఉంటే ఇంకా బాగుండేది అనుకోవచ్చు గానీ, నిజానికి లీడర్ "వాళ్ళు ఇస్తారు" అన్నాడు కాబట్టే చీటీలు చూడాలనిపించింది, ప్రశ్నకి జవాబు వస్తే దాని వెనకాల ఇంకో ప్రశ్న పుడుతుంది.

అదే వారంలో ప్రతిపక్షం వాళ్ళ ప్రెస్ మీట్‌కి కూడా పోయినాం. అక్కడ మాట ఏంటంటే, రైతుకి కిలోకి రెండు రూపాయలు కూడా రావట్లేదు అని. నేను అడిగినా, "ఏ ర్యాంపులో సార్, ఏ తేదీన, చీటీ ఏమన్నా ఉందా?" అని. "ఊరంతా తెలుసు, నువ్వు రిపోర్టర్‌వి, నీకు తెలీదా?" అన్నాడు. రెండో ప్రశ్న, మీరున్నప్పుడు ఫ్యాక్టరీ రేటు ఎట్లా ఫిక్స్ చేసేవాళ్ళు, ఎవరైనా తక్కువ ఇస్తే ఏం చేసినారు అని. "ఇప్పుడు అధికారంలో ఉంది మేమా? పోయి వాళ్ళని అడుగు" అన్నాడు. ఇక్కడ ఒప్పందం పనిచేయలేదు. ఆ పార్టీకి దగ్గరి పేపర్ అంటే మా రెండో ఆయనదే, ఆయన తల దించుకుని రాసుకుంటా ఉన్నాడు, లేవలేదు. బయటికి వచ్చినాక, "నాకు ఫోన్ వస్తుందబ్బా" అన్నాడు. నిజమే, మూడో ఆయనకి అప్పటికే వచ్చింది, ఆయన ఆఫీసు నుంచి, అక్కడ నువ్వెందుకు లేచినావు అని. పేపర్ పేరు చెప్పి అడిగినందుకు లీడర్ కోప్పడలేదు, వాళ్ళ ఆఫీసే కోప్పడింది.

ఈ భయం గురించి బయటివాళ్ళు చాలా తేలిగ్గా మాట్లాడతారు, రిపోర్టర్లు అమ్ముడుపోయినారు అని. కవర్లు తీసుకునేవాళ్ళు ఉన్నారు, లేరని చెప్పను, కానీ మండలం స్ట్రింగర్ పరిస్థితి వేరే. ఆయనకి వచ్చే లైన్ అకౌంట్ డబ్బులతో (అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చేవి) బండి పెట్రోల్ కూడా రాదు, ప్రభుత్వం రిపోర్టర్లకి ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు ఉంటే బస్ పాస్ దొరుకుతుంది, అసలు ఆదాయం యాడ్స్ మీద కమీషన్. ఆగస్టు 15, జనవరి 26, సంక్రాంతి, లీడర్ పుట్టినరోజు. మంగళవారం ప్రెస్ మీట్‌లో ఎనిమిది రూపాయలు ఏవి అని అడిగిన మనిషే శుక్రవారం అదే లీడర్ ఇంటికి పోయి, "అన్నా, ఈసారి హాఫ్ పేజీ ఇప్పించండి" అని నిలబడాల. ఈ ముడి విప్పకుండా మీడియా ప్రశ్నించడం లేదు అని ఎడిటోరియల్స్ రాస్తే ఏం లాభం? పైనుంచి కేసుల భయం ఇంకోటి. 2019 అక్టోబర్‌లో జీవో 2430 వచ్చింది, తప్పుడు వార్త అనుకుంటే మీడియా మీద కేసులు వేసే అధికారం శాఖల కార్యదర్శులకి ఇచ్చినారు, దానికి ముందు 2007లో వైఎస్ హయాంలో జీవో 938 ఇట్లాంటిదే. కేసు పడినా పడకపోయినా పల్లెల్లో స్ట్రింగర్‌కి జీవో వచ్చింది అనే మాట చాలు.

తిరుపతి రిపోర్టర్లకి ఇంకో అలవాటు ఉండేది, కొండ మీద బైట్. ఏ లీడర్ దర్శనానికి వచ్చినా బయటికి వచ్చి గొల్లమండపం దగ్గర నిలబడి మాట్లాడేవాడు, స్వామిని దర్శించుకున్నా, రాష్ట్రం బాగుండాలని కోరుకున్నా అని మొదలై రెండో వాక్యానికే ఎదుటి పార్టీ మీదకి పోయేది. చుట్టూ భక్తులు, సెక్యూరిటీ తోపులాట, ఇరవై మైకులు మూతి దగ్గర, అక్కడ ప్రశ్న అనేది అరుపు మాత్రమే, "సార్ దాని గురించి, సార్ దీని గురించి" అని. 2024 నవంబర్ 18న టీటీడీ బోర్డు తిరుమలలో రాజకీయ ప్రసంగాలు వద్దని తీర్మానం చేసింది, నవంబర్ 30 నుంచి అమల్లోకి తెచ్చింది. చాలామంది రిపోర్టర్లు బైట్లు పోయినాయని బాధపడినారు, నాకైతే మంచిదే అనిపించింది, నిలబడి తోసుకుంటా అడిగే చోట లీడర్‌కే లాభం, నడుచుకుంటా వెళ్ళిపోవచ్చు. కూర్చోబెట్టి అడగల్ల.

కూర్చోబెట్టినా తేదీ అడగకపోతే ఏమవుతుందో నెయ్యి విషయంలో చూసినాం. 2024 సెప్టెంబర్ 18న చంద్రబాబు గత ప్రభుత్వంలో తిరుమల లడ్డూ నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ఆరోపించినారు, ల్యాబ్ రిపోర్టు మరుసటి రోజు టీడీపీ ప్రెస్ మీట్‌లో బయటికి వచ్చింది, 20న తిరుమలలో టీటీడీ ఈవో, తాడేపల్లిలో జగన్, ఇద్దరూ ప్రెస్ మీట్లు పెట్టినారు. ఆ వారం ఈ ఊళ్ళో తిరిగిన బైట్లలో జాస్తి రెండే రకాలు, మీ మనోభావాలు దెబ్బతిన్నాయా అని ఒకటి, వాళ్ళ ఆరోపణలపై ఏమంటారు అని ఇంకోటి. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టులో జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్ బెంచ్ అడిగినవి చూడండి. రిపోర్టు జూలైలో వస్తే సెప్టెంబర్‌లో ఎందుకు చెప్పినారు, టెస్ట్ చేసిన నెయ్యి లడ్డూల్లో వాడినారు అనడానికి ఆధారం ఏంటి, విచారణ పూర్తి కాకముందే ప్రెస్ దగ్గరికి ఎందుకు పోయినారు. వీటిలో లా చదివితే తప్ప తట్టనిది ఒక్కటైనా ఉందా? రిపోర్టు మీద తేదీ ఉంది, ఏ ట్యాంకర్, అది వాడినారా వెనక్కి పంపినారా అనేది కొండ కింద ఉన్న మనమే అడగాల్సిన ప్రశ్న, రెండు పార్టీలనీ అడగాల్సిన ప్రశ్న. అక్టోబర్ 4న అదే కోర్టు ఐదుగురితో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసింది, సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నుంచి ఒకరు. మామిడి ప్రెస్ మీట్‌కి పోయే ముందు ముగ్గురం మాట్లాడుకున్నప్పుడు ఈ నెయ్యి సంగతే జాస్తి నడిచింది, తేదీ, బరువు, కాగితం, ఈ మూడింటి చుట్టూనే అడగాలని అప్పుడే అనుకున్నాం.

చిత్తూరు సంగతికి వస్తే, తర్వాత జరిగిన మీటింగ్‌లో లీడర్ పక్కన ఉద్యాన శాఖ ఆఫీసర్ ఒక షీట్ పెట్టుకుని కూర్చున్నాడు, మండలాల వారీగా టన్నులు, రైతుల సంఖ్య చదివినాడు. మా ప్రశ్న వల్లే అని నేను చెప్పను, పైనుంచి కూడా ఒత్తిడి ఉండొచ్చు. షీట్‌లో గవర్నమెంట్ ఇచ్చే నాలుగు రూపాయల కాలమ్ ఉంది, ఫ్యాక్టరీ ఇచ్చిన రేటు కాలమ్ లేదు. అది అడిగితే ఫ్యాక్టరీల నుంచి వివరాలు తెప్పిస్తున్నాం అన్నారు, తేదీ అడిగితే త్వరలో అన్నారు. కౌలు రైతు ప్రశ్న ఈసారి ఆ కుర్రోడు ఒక్కటే ప్రశ్నగా అడిగినాడు, పొలం యజమాని పేరు మీదే డబ్బు పడుతుంది, వాళ్ళు వాళ్ళు చూసుకోవాల అన్నట్టుగా జవాబు వచ్చింది, అది రెండు పేపర్లలో లోపలి పేజీలో వచ్చింది.

ఇప్పుడు కొత్త ఇబ్బంది ఒకటి మొదలైంది. ప్రెస్ మీట్‌కి ముందు రోజు పీఏ ఫోన్ చేసి, "అన్నా, రేపు ఏం అడుగుతారో వాట్సాప్ చేయండి, సార్ డేటా రెడీ చేసుకుంటారు" అంటున్నాడు. కొందరు పంపిస్తున్నారు, పంపితే రెండు జరుగుతాయి, డేటా నిజంగానే వస్తుంది కొన్నిసార్లు, లేదా ఆ ప్రశ్న వచ్చే టైంకి భోజనాలు రెడీ అవుతాయి. నేను టాపిక్ పంపిస్తా, మామిడి బకాయిలు, ఫ్యాక్టరీ చెల్లింపులు, కౌలు రైతులు అని, అంకెలు తెచ్చుకోమని చెప్పడంలో తప్పేమీ లేదు, ప్రశ్న మాత్రం పంపను. మొన్న కూడా అదే చెప్పినా, "టాపిక్ పంపినా తమ్ముడూ, ప్రశ్న అక్కడే అడుగుతాలే" అని. "సరే అన్నా, మీ ఇష్టం, ఈసారైనా భోంచేసి పోండి" అన్నాడు.